పాంక్రియాస్ జబ్బుకు తోడు షుగర్: పొద్దున 58, మధ్యాహ్నం 340. మనవైపు ఎవరైనా ఉన్నారా?

గుణుపురం_అక్క (రాయగడ జిల్లా, ఒడిశా)

అందరికీ నమస్కారం. మా తమ్ముడి గురించి రాస్తున్నాను. వాడికి 32 ఏళ్లు. కొన్నేళ్లుగా పైకడుపులో నొప్పి, వీపులోకి దూసుకుపోయేది. గ్యాస్ అనుకుని మందులు మింగిస్తూ వచ్చాం. చివరికి విశాఖలో స్కాన్ తీస్తే పాంక్రియాస్ (క్లోమం) నిండా రాళ్లు. క్రానిక్ పాంక్రియాటైటిస్, అంటే క్లోమం ఏళ్ల తరబడి వాచి పాడవడం అన్నారు. వాడు మందు ముట్టడు, సిగరెట్ లేదు. అయినా మా వీధిలో అందరి నోటా ఒకటే మాట, "తాగితేనే వస్తుంది కదమ్మా" అని. దానికి జవాబు చెప్పడం మానేశాను.

నిరుటి నుంచి షుగర్ కూడా మొదలైంది. 30/70 (రెండు రకాలు కలిపిన) ఇన్సులిన్ రెండు పూటలా వేసుకుంటున్నాడు. పొద్దున లేచేసరికి ఒకరోజు 58, ఇంకోరోజు 190. మధ్యాహ్నం అన్నం తిన్నాక 340. అదే అన్నం, అదే కూర, అదే డోసు. డోసు పెంచితే పొద్దున కళ్లు తిరుగుతున్నాయి, తగ్గిస్తే మధ్యాహ్నం మిషన్ మీద అంకె చూసి నాకు టెన్షన్. బంధువులేమో అన్నం మాన్పించమంటారు. మనిషి 46 కేజీలు. ఇంకేం మాన్పించను? ఇలాంటి కేసు మనవైపు ఎవరింట్లోనైనా ఉందా?

బల్లార్షా_బాబు (చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర)

అక్కా, నేనున్నాను. నాదీ ఇదే జబ్బు. ఒక్క మాట ముందు చెప్తాను, ఇది మన నాన్నలకూ మేనమామలకూ వచ్చే షుగర్ కాదు. డాక్టర్లు దీన్ని టైప్ 3సి అంటారు. మామూలు టైప్ 2లో ఇన్సులిన్ తయారవుతుంది కానీ ఒంటికి సరిగ్గా పట్టదు. మనకు పాంక్రియాస్ గట్టిపడి ఎండిపోతుంటే ఇన్సులిన్ చేసే కణాలే పోతాయి. అక్కడితో ఆగదు. షుగర్ పడిపోతున్నప్పుడు లివర్‌లో దాచిన గ్లూకోజ్‌ను బయటికి తెప్పించేది గ్లూకగాన్ అనే హార్మోన్. దాన్ని చేసే కణాలూ ఆ పక్కనే ఉంటాయి, అవీ దెబ్బతింటాయి. మామూలు మనిషికి షుగర్ 65కు దిగితే ఒళ్లే దాన్ని కొంత పైకి లాగుతుంది. మనకు ఆ సాయం తక్కువ. దిగడం మొదలైతే దిగుతూనే పోతుంది.

అందుకే మీరు 340 చూసి భయపడుతున్నారు, నేను మీరు రాసిన 58 చూసి భయపడ్డాను. 340 ఈ రోజుకు ఈ రోజు మామూలుగా ఏం చేయదు, నెలలూ సంవత్సరాలూ అలాగే ఉంటే కళ్లూ కిడ్నీలూ పాడవుతాయి. 58 మాత్రం ఇంకా దిగితే ఆ రాత్రే మనిషిని పడేయగలదు.

అదే అన్నానికి రోజుకో అంకె ఎందుకంటే, తిన్నది అరిగితేనే కదా రక్తంలోకి వచ్చేది. పాంక్రియాస్ ఇచ్చే అరుగుదల రసాలు లేకపోతే ఒకరోజు సగం అరుగుతుంది, ఒకరోజు అరగకుండానే బయటికి పోతుంది. ఇన్సులిన్‌కు ఆ సంగతి తెలియదు, అది దాని పని చేసుకుపోతుంది. ఇంతకీ ఎంజైమ్ క్యాప్సూల్స్ ఇచ్చారా? ఇస్తే ఎప్పుడు వేసుకుంటున్నాడు? విరేచనం ఎలా ఉంది? ఇవి చెప్పండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఛత్రపురం_శ్రీ (గంజాం జిల్లా)

అన్నం పూర్తిగా ఆపేయండమ్మా. పొద్దున్నే కాకరకాయ రసం, రాత్రి నానబెట్టిన మెంతులు. మా మామగారు మాత్రలు కూడా మానేశారు. ఇన్సులిన్ అలవాటైతే జన్మంతా వదలదు.

మందులషాపు_బరంపురం

శ్రీ గారూ, మీ మామగారిది టైప్ 2 అయి ఉంటుంది, ఆయనకు బాగైతే సంతోషం. 46 కేజీల మనిషికి అన్నం ఆపితే ఇక మిగిలేదేముంది? పైగా ఇన్సులిన్ వేసుకునే వాడు కాకర రసం కూడా తాగితే షుగర్ లో అవడానికి, అంటే మరీ పడిపోవడానికి, ఇంకో దారి తెరిచినట్టే. మెంతులు, తవుడు, ఓట్స్ లాంటి పీచు మరీ ఎక్కువైతే ఎంజైమ్ క్యాప్సూల్ పని కూడా మందగిస్తుంది. షుగర్ ఉన్నవాళ్లందరికీ చెప్పే సలహా ఇక్కడ తలకిందులవుతుంది. ఇన్సులిన్ అలవాటు అన్న మాట కూడా సరికాదు. ఒంట్లో లేనిది బయట నుంచి ఇస్తున్నాం, అంతే.

గుణుపురం_అక్క

బాబు గారూ, క్యాప్సూల్ ఇచ్చారు, 25,000 అని రాసి ఉంది. మందుల కవరు మీద పెన్నుతో "తిన్నాక 1" అని రాసిచ్చారు. వాడు అన్నం తిని, కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుని, కాసేపు మంచం మీద నడుం వాల్చి, అప్పుడు లేచి వేసుకుంటాడు. విరేచనం గురించి అడిగారు కాబట్టి చెప్తున్నాను, నీళ్ల మీద తేలుతుంది, పైన నూనె తెట్టు కడుతుంది, రెండు బకెట్లు పోసినా పోదు.

సెల్ రిపేర్ షాపు నడుపుతాడు. మధ్యాహ్నం గిరాకీ ఉంటే భోజనం మూడింటికి. రాత్రి ఇంజక్షన్ ఏడున్నరకు వేసుకుని, షాపు కట్టి ఇంటికొచ్చి తినేసరికి ఒక్కోసారి తొమ్మిది దాటుతుంది.

మందులషాపు_బరంపురం

అక్కడే ఉంది అక్కా. ఆ క్యాప్సూల్ తిండితో కలిసి లోపలికి పోవాలి. మొదటి ముద్దతో ఒకటి వేసుకోవాలి. భోజనం పెద్దదైతే, డాక్టర్ రెండు రాస్తే, రెండోది మధ్యలో. తిన్న అరగంటకు వేసుకుంటే అన్నం ముందు బండిలో వెళ్లిపోతుంది, క్యాప్సూల్ తర్వాతి బండికి వస్తుంది. పెద్దవాళ్లకు మామూలుగా ఒక్కో భోజనానికి 40,000 నుంచి 50,000 యూనిట్ల లైపేజ్‌తో (కొవ్వును అరిగించే ఎంజైమ్) మొదలుపెడతారు, టిఫిన్‌కో చిరుతిండికో అందులో సగం. 25,000 మీ తమ్ముడికి చాలుతుందో లేదో నూనె తెట్టును బట్టి డాక్టర్ తేలుస్తారు. నమలకూడదు. వేడి వేడి అన్నంలో విప్పి కలపకూడదు. ఉట్టి టీ నీళ్లకు అక్కర్లేదు, పాలు బాగా పోసిన టీకి, బిస్కెట్లకు కావాలి. ఇంకొకటి, ఇది పంది పాంక్రియాస్ నుంచి తీసిన మందు. పట్టింపు ఉన్నవాళ్లు కొందరు తెలిశాక మానేస్తుంటారు, దయచేసి డాక్టర్‌తో మాట్లాడకుండా మానొద్దు.

ఒక హెచ్చరిక. క్యాప్సూల్ సరిగ్గా వేసుకోవడం మొదలుపెట్టిన వారంలో షుగర్ పెరగొచ్చు. గాబరా పడకండి. ఇన్నాళ్లూ బయటికి పోతున్న తిండి ఇప్పుడు ఒంట్లోకి వస్తోందన్నమాట. ఇన్సులిన్ డోసు దానికి తగ్గట్టు మార్చమని డాక్టర్‌ని అడగాలి.

ఇన్సులిన్ సీసాదా, పెన్నా?

గుణుపురం_అక్క

సీసా. సిరంజి నారింజ రంగు మూత.

మందులషాపు_బరంపురం

సీసా మీద 40 ఐయూ అని ఉందా, 100 ఐయూ అని ఉందా (ఒక ఎంఎల్‌లో ఎన్ని యూనిట్లన్నది)? ఇది ఇప్పుడే చూడండి. మన దేశంలో సీసాలు ఎక్కువగా 40వి, వాటికి ఎర్ర మూత సిరంజి వాడాలి. నారింజ మూత 100 దానికి. 40 సీసా మందును నారింజ మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. అదే తిరగబడి 100 సీసాను ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు పోతాయి, అది ప్రాణం మీదకొస్తుంది. షాపులో కుర్రాళ్లు ఏది చేతికందితే అది ఇచ్చేస్తారు. మా వృత్తి వాళ్ల గురించి నేనే అంటున్నాను.

గుణుపురం_అక్క

సీసా మీద 40 ఐయూ. నాకు చేతులు వణుకుతున్నాయి.

మందులషాపు_బరంపురం

నిదానం. ఇప్పుడు గబుక్కున ఎర్ర మూత సిరంజికి మారి అదే గీత దాకా లాగితే డోసు ఒక్కసారిగా రెండున్నర రెట్లు అవుతుంది. అలా అస్సలు చేయొద్దు. నిజంగా ఎన్ని యూనిట్లు వెళ్తున్నాయో లెక్క కాగితం మీద రాసుకుని, డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పి, ఆయన చెప్పిన కొత్త అంకెతో మాత్రమే సిరంజి మార్చండి.

జైపూర్_మాస్టారు (కొరాపుట్ జిల్లా)

రాత్రి లో గురించి నా అనుభవం. ఇది నాకు గుర్తులేదు, మా ఆవిడ చెప్పింది. అర్ధరాత్రి లేచి అల్మరా తలుపు తీసి చొక్కాలు ఒక్కొక్కటే తీసి మంచం మీద వరసగా పరుస్తున్నానట. ఏం చేస్తున్నారంటే "హాజరు తీసుకుంటున్నా, మాట్లాడకు" అన్నానట. ముందు నవ్వొచ్చిందట, చెయ్యి పట్టుకుంటే బనీను తడిసి ముద్దయి ఉంది, ఒళ్లు చల్లగా ఉంది. మిషన్‌లో చూస్తే 41.

చమట, వణుకు, గుండె దడ ఇవన్నీ ముందు వస్తాయని పుస్తకాల్లో ఉంటుంది. మాటిమాటికీ లో అయ్యేవాళ్లకు ఆ సంకేతాలు రావడం తగ్గిపోతుంది, నేరుగా తికమక మొదలవుతుంది. ఇంట్లో వాళ్లకు తెలిసి ఉండాలి. మా ఇంట్లో పద్ధతి ఇది. 70 కంటే తక్కువైతే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి, లేదా గ్లూకోజ్ పొడి. పావుగంట ఆగి మళ్లీ చూడాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే. పైకొచ్చాక అన్నమో రొట్టో కొంచెం తినాలి, మాకైతే క్యాప్సూల్‌తో. లడ్డూ, చాక్లెట్, ఛెనాపొడో పెట్టకండి, వాటిలో నెయ్యీ పాలూ ఉండటం వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది, మనకు మరీ ఆలస్యం. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏదీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లడమే.

మీ తమ్ముడు ఏడున్నరకు వేసుకుని తొమ్మిదికి తింటున్నాడన్నారు చూడండి, 30/70లో ఆ 30 భాగం అరగంటలోనే పని మొదలుపెడుతుంది. మిగతా 70 తెల్లవార్లూ ఉంటుంది. పొద్దున 58కి నాకైతే ఆ రెండూ కనిపిస్తున్నాయి.

చాందా_ల్యాబ్ (చంద్రపూర్)

ల్యాబ్‌లో పనిచేస్తాను. మూడు నెలల షుగర్ పరీక్ష, అదే హెచ్‌బీఏ1సీ, చేయించారా?

గుణుపురం_అక్క

చేయించాం. 5.9 వచ్చింది. కంట్రోల్‌లోనే ఉంది, ఎందుకమ్మా కంగారు అని ఒకచోట అన్నారు. అందుకే నాకు ఏమీ అర్థం కావడం లేదు.

చాందా_ల్యాబ్

ఆ 5.9ని నమ్మకండి. రెండు కారణాలు. ఒకటి, అది సగటు. దిగినవీ ఎక్కినవీ కలిసిపోయి మధ్యలో అందమైన అంకె వస్తుంది. రెండోది మన ప్రాంతానికి సంబంధించింది. గడ్చిరోలి, చంద్రపూర్, అటు మీ రాయగడ, కొరాపుట్ వైపు సికిల్ సెల్ ఎక్కువ. ఆ జబ్బులో ఎర్ర రక్తకణాలు 120 రోజులు బతకవు, ముందే చితికిపోతాయి. ఈ పరీక్ష కొలిచేది ఆ కణాలకు అంటుకున్న చక్కెరనే, అది అంటుకునే సమయమే ఉండదు కాబట్టి అంకె తక్కువ చూపిస్తుంది. అమ్మానాన్నల్లో ఒక్కరి నుంచే వచ్చిన వాళ్లకు జబ్బు ఉండదు కానీ కొన్ని మిషన్ల మీద రిపోర్టు తేడా పడుతుంది. రక్తహీనత ఉన్నా ఈ పరీక్ష అటో ఇటో పోతుంది, ఐరన్ తక్కువైతే ఎక్కువ చూపించడం కూడా ఉంది. సరిగ్గా అరగని వాళ్లలో బి12, ఐరన్ తక్కువ ఉండటం మామూలే. సికిల్ సెల్ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో చేయించుకోండి. డాక్టర్‌కి ఇంటి మిషన్ అంకెలు రాసిన నోటు పుస్తకం చూపించండి. పొద్దున, భోజనానికి ముందు, తిన్న రెండు గంటలకు, వారంలో ఒక్కరోజైనా రాత్రి రెండింటికి. డబ్బు కుదిరితే చేతికి అంటించే సెన్సర్ ఉంది, రెండు వారాలు నిరంతరం చూపిస్తుంది. ఒక్కసారి పెట్టించుకున్నా రాత్రి ఏం జరుగుతోందో బొమ్మ కట్టినట్టు తెలుస్తుంది.

మలంలో ఎలాస్టేజ్ అనే పరీక్ష కూడా ఉంది. 200 కంటే తక్కువైతే ఎంజైములు తగ్గినట్టు, 100 కంటే తక్కువైతే బాగా తగ్గినట్టు. మీరు చెప్పిన నూనె తెట్టు చూస్తే అది లేకుండానే తెలిసిపోతోంది.

సిరొంచ_గోదావరి (గడ్చిరోలి జిల్లా)

నొప్పి వచ్చిన రోజు సంగతి ఎవరూ రాయలేదు. అసలు కష్టం అదే. నొప్పికి ముద్ద దిగదు, వాంతులు. ఇంజక్షన్ వేసుకోవాలా మానాలా? నా డాక్టర్ నాకు విడివిడిగా రెండు రకాలు రాశారు. రోజుకోసారి వేసుకునే నెమ్మది రకం, భోజనానికి వేసుకునే త్వర రకం. తినని పూట త్వర రకం మానేస్తాను. నెమ్మది రకం పూర్తిగా మానొద్దన్నారు, ఎంత తగ్గించాలో ముందే కాగితం మీద రాయించుకున్నాను. 30/70లో ఈ వెసులుబాటు లేదు, రెండూ ఒకే సీసాలో కలిసి ఉంటాయి. తమ్ముడి డాక్టర్‌ని ఈ ప్రశ్న తప్పకుండా అడగండి.

ఎండాకాలం మా దగ్గర మామూలు ఎండ కాదు. కరెంటు పోతే ఫ్రిజ్ ఉన్నా లేనట్టే. పెద్ద కుండలో తడి ఇసుక, అందులో చిన్న కుండ, దానిలో గుడ్డ చుట్టి సీసా. వాడుతున్న సీసా నెల దాటితే పారేస్తాను. ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లు డోర్‌లో పెట్టండి, పైన ఐసు పక్కన పెడితే గడ్డకట్టి పనికిరాదు. బండి డిక్కీలో మాత్రం అస్సలు వద్దు.

కిన్వట్_రైతు (నాందేడ్ జిల్లా)

ఒక డౌట్. కల్లు తాగొచ్చా? సారా కాదు, చెట్టు కల్లు.

సిరొంచ_గోదావరి

వద్దన్నా. మా జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది, ఇప్పసారా మాత్రం దొరుకుతూనే ఉంది, అందుకే గట్టిగా చెప్తున్నా. కల్లైనా, ఇప్పసారా అయినా, సీసా మందైనా పాంక్రియాస్‌కు ఒకటే. పైగా మందు తాగితే లివర్ గ్లూకోజ్ వదలదు. గ్లూకగాన్ ముందే లేదు, ఇన్సులిన్ ఒంట్లో ఉంది, కడుపులో తిండి లేదు. తూలుతుంటే తాగాడులే అని పక్కవాళ్లు వదిలేస్తారు. బీడీ, సిగరెట్ కూడా అంతే, పొగాకు ఈ జబ్బును త్వరగా ముదిరిస్తుంది.

కిన్వట్_రైతు

సరే అన్నా, అర్థమైంది. తిండి సంగతి నేను చెప్తా. నన్ను మొదట నూనె చుక్క లేకుండా తినమన్నారు, చిక్కి శల్యమయ్యాను. హైదరాబాద్‌లో చూపించుకుంటే డైటీషియన్ తిట్టింది. క్యాప్సూల్ సరిగ్గా పడుతుంటే మామూలు నూనె తినొచ్చట, వేపుళ్లు, మాంసం కూరల మీద తేలే నూనె తగ్గిస్తే చాలట. ఇప్పుడు జొన్నరొట్టె, పప్పు, గుడ్డు, పెరుగు, అన్నం కొంచెం. మూడు పూటలు కాకుండా ఐదారు సార్లు కొద్దికొద్దిగా. ప్రతిసారీ దాదాపు ఒకే కొలత. బరువు పెరిగాను. మీ వైపు చోడంబలి (రాగి అంబలి) తాగుతారు కదా, గట్టిగా సంకటి చేసి పప్పుతో పెట్టండి, పల్చటి అంబలి ఉట్టిగా తాగితే త్వరగా ఎక్కి త్వరగా దిగుతుంది, నాకైతే అలాగే అయింది.

బల్లార్షా_బాబు

రైతన్న చెప్పింది సరైన మాట. కొవ్వు అరగకపోతే ఎ, డి, ఇ, కె విటమిన్లు కూడా ఒంటికి పట్టవు. నాకు ఎముకలు పల్చబడ్డాయని డెక్సా స్కాన్‌లో తెలిసింది. తమ్ముడికి విటమిన్ డి చూపించండి, రాత్రిపూట చూపు మందగించిందేమో అడగండి.

అక్కా, తాగుడు మాట ఎవరైనా ఎత్తితే ఇది చెప్పండి. తాగని చిన్న వయసు వాళ్లకు రాళ్లతో వచ్చే ఈ రకాన్ని 1959లోనే ఇండోనేషియాలో ఒక డాక్టర్ రాశారు, తర్వాత కేరళలో వందల కేసులు చూశారు. కర్రపెండలం వల్ల అని చాలాకాలం అనుకున్నారు, అది రుజువు కాలేదు. స్పింక్1 అనే జన్యువులో తేడా చాలామందిలో కనబడింది. దీనికి పేరే వేరు, ఫైబ్రోకాల్క్యులస్ పాంక్రియాటిక్ డయాబెటిస్.

రాళ్ల సంగతి. నొప్పి ఎక్కువుంటే బయట నుంచి తరంగాలతో పగలగొట్టి, ఎండోస్కోపీతో తీస్తారు. హైదరాబాద్‌లో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వాళ్లు ఇది ఎన్నో ఏళ్లుగా చేస్తున్నారు. నాకు నొప్పి బాగా తగ్గింది. షుగర్ మాత్రం అలాగే ఉంది, అది తగ్గుతుందని ఆశపెట్టుకుని వెళ్లొద్దు. మాత్రలు ఎవరైనా రాస్తే పేరు చూడండి. చివర గ్లిప్టిన్ అని ఉండేవి పాంక్రియాటైటిస్ ఉన్నవాళ్లకు సాధారణంగా ఇవ్వరు. గ్లిమెపిరైడ్ రకం మాత్రలు షుగర్‌ను లో చేస్తాయి. వేసుకుంటుంటే సొంతంగా ఆపకుండా డాక్టర్‌ని అడగండి. ఇంకోటి, ముందు ముందు కారణం లేకుండా బరువు పడిపోయి, షుగర్ హఠాత్తుగా అదుపు తప్పితే వెంటనే స్కాన్ చేయించాలి. ఈ జబ్బు చాలాకాలం ఉన్నవాళ్లకు పాంక్రియాస్ క్యాన్సర్ ముప్పు మామూలు వాళ్లకంటే ఎక్కువ. భయపెట్టడానికి కాదు, ఎవరూ చెప్పరని చెప్తున్నాను.

గుణుపురం_అక్క

అందరికీ చాలా థాంక్స్. గుణుపురం ప్యాసింజర్‌లో విశాఖ వెళ్లి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఎండోక్రైనాలజీ, అంటే షుగర్, హార్మోన్ల ఓపీలో చూపించాం. పెద్ద క్యూ, కానీ డాక్టరమ్మ నా నోటు పుస్తకం చివరిదాకా చూసింది. సిరంజి లెక్క చెప్పగానే తలపట్టుకుంది. 30/70 ఆపేసి రాత్రి ఒకటి, భోజనాలకు వేరే ఒకటి రాసింది. రెండూ పెన్నులే, సిరంజి గొడవ లేదు. చిన్న డోసులతో మొదలు. పొద్దున 110, 130 మధ్య ఉంటే చాలు, 90 కోసం ఆరాటపడొద్దంది. క్యాప్సూల్ భోజనానికి రెండు చేసింది. సికిల్ రిపోర్టు ఇంకా రాలేదు. నూనె తెట్టు తగ్గింది. తిన్నాక ఇప్పటికీ 240, 250 వస్తోంది, వారం వారం ఫోన్ చేయమంది.

వచ్చే వారం పర్లాకిమిడిలో మా చిన్నాన్న కూతురి పెళ్లి. ముహూర్తం రాత్రి, భోజనాలు ఎప్పుడో తెలియదు. వాణ్ని తీసుకెళ్లాలంటే భయంగా ఉంది.

పర్లాకిమిడి_వదిన (గజపతి జిల్లా)

తీసుకురండి వదినా, భయమెందుకు? మా వారిదీ ఇన్సులినే. మా పద్ధతి ఏంటంటే, విస్తరి వేసి అన్నం వడ్డించాకే భోజనం ఇంజక్షన్. మైకులో "భోజనాలకు రండి" అన్నారని వేసుకోకూడదు, ఆ పిలుపుకీ వడ్డనకీ గంట పట్టిన పెళ్లిళ్లు చూశాను. వడ్డించాక వేసుకునే రకమేనా అని డాక్టరమ్మను ఫోన్‌లో అడగండి, కొన్నిటికి అరగంట ముందు కావాలి. ఇంటి దగ్గర ఎనిమిదింటికే మామూలుగా తినిపించేసి, పెళ్లిలో పెరుగన్నం ఒక్కటి పెట్టినా పరవాలేదు. రాత్రి వేసుకునే పెన్ను, క్యాప్సూల్స్, మిషన్, గ్లూకోజ్ ప్యాకెట్ మీ సంచిలో పెట్టుకోండి. మగపిల్లల చేతికిస్తే కారులో వదిలేస్తారు.

గుణుపురం_అక్క

ఇప్పుడే ఫోన్ చేశాను. వడ్డించాక వేసుకోవచ్చంది. పెళ్లిలో కలుద్దాం వదినా, మాది పెళ్లికూతురు వైపు.